అడ్వాన్సులో మరమ్మతుల కోతకు అద్దెదారు ఒప్పుకోకపోతే

వంటగట్టు మీది పగులు తాను రాకముందే ఉందని ఖాళీ చేసిన అద్దెదారు వాదిస్తుంటే మీరు బదులు చెప్పలేకపోవడానికి కారణం, బహుశా, తాళాలు ఇచ్చిననాటి ఇంటి స్థితి ఎక్కడా రాసి లేకపోవడమే.

1. ఆనాటి ఫోటోలు ఏవైనా ఉంటే తేదీలతో చూపండి; ఏ ఆధారమూ లేకపోతే ఆ కోత మానుకోవడమే న్యాయం.

2. వెలిసిన రంగు, అరిగిన గడప వంటివి మామూలు వాడకం కిందికే వస్తాయి, వాటికి అడ్వాన్సులో డబ్బు పట్టుకోకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: కొత్తవారికి తాళాలు ఇచ్చే ముందు ఇద్దరూ కలిసి గదిగదీ తిరిగి, కుళాయిలు తిప్పి చూసి, మీటరు రీడింగుతో సహా జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. పగులు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తే, అది తరువాత పెరిగిందో లేదో స్పష్టంగా తెలుస్తుంది.

4. ఖాళీ చేసే రోజున అదే జాబితాతో మళ్లీ కలిసి తిరగండి.