దూలం కుదిరితేనే ముక్కు నిటారు

ముక్కు వంకర గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. ఆగకూడనివాటికి విడిగా జవాబులు రాశాను. మిగతా పాఠకులకు కూడా ఉపయోగపడేవి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 24. రెండేళ్ల కిందట సంక్రాంతికి మా ఊళ్లో కబడ్డీ ఆడుతుంటే ఎదుటి జట్టు కుర్రాడి మోచెయ్యి నా ముక్కుకు గట్టిగా తగిలింది. రక్తం కారింది, ఐసు పెట్టుకున్నాను, వారంలో వాపు తగ్గిపోయింది. కానీ అప్పటినుంచీ ముక్కు ఎడమ పక్కకి ఒరిగి ఉంది. కుడి రంధ్రంలోంచి గాలి సరిగా ఆడదు, రాత్రిళ్లు నోరు తెరుచుకునే పడుకుంటున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఒక డాక్టరు గారు దూలం ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఇంకో క్లినిక్‌లో కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో పావుగంటలో సరిచేస్తామన్నారు. ఏది మంచిది?
– పేరు వద్దన్న పాఠకుడు, చీరాల

జవాబు: బాబూ, ఇంజెక్షన్ మీకు పనికిరాదు. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత చెబుతాను.

ముక్కులో పైభాగం, కళ్లజోడు ఆనే చోటు, గట్టి ఎముక. అక్కణ్ణుంచి కొన దాకా ఉన్నది మెత్తటి ఎముక, మేం కార్టిలేజ్ అంటాం. లోపల రెండు రంధ్రాల మధ్య గోడలా నిలబడి ఈ మొత్తాన్నీ మోసేది దూలం. పందిట్లో నడిమి గుంజ ఒరిగితే పైన తాటాకు ఎంత సర్దినా పందిరి ఒరిగే ఉంటుంది కదా, ముక్కు సంగతీ అంతే. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ దెబ్బకి పైన ఎముక ఎడమకి జరిగింది, లోపల దూలం విరిగి కుడి రంధ్రంలోకి వంగింది. ముక్కు ఒక పక్కకి ఒరిగి, గాలి రెండో పక్క ఆడకపోవడం మేం తరచూ చూసేదే.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా మీరే రెండు విషయాలు గమనించండి. మొదటిది, గాలి ఆడకపోవడం ఎప్పుడూ కుడివైపేనా, లేక పక్కలు మారుతుందా? ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కొన్ని గంటలకోసారి ఒక రంధ్రం కాస్త బిగుసుకుని రెండోది తెరుచుకుంటూ ఉంటుంది. పక్కలు మారుతూ ఉంటే ఎక్కువసార్లు ఎలర్జీ వల్ల లోపలి పొర వాచినట్టు. దానికి స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడితే చాలామందికి నెమ్మదిస్తుంది. స్ప్రే దూలాన్ని నిలబెట్టలేదు కానీ, వాపు ఎంత, వంకర ఎంత అన్నది తేలుస్తుంది. రెండోది, కుడి చెంపని వేళ్లతో మెల్లగా చెవివైపు లాగి గాలి పీల్చండి. అప్పుడు హాయిగా ఆడితే ముక్కు మధ్యభాగంలో గాలి వెళ్లే దారి ఇరుకైందని అనుమానించాలి. ఈ సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పండి, ఆపరేషన్‌లో చెయ్యాల్సిన పని దీన్నిబట్టి కొంత మారుతుంది.

ఇక ఇంజెక్షన్. అందులో ఉండేది హయలురోనిక్ ఆమ్లం జెల్. ముక్కులో పల్లంగా ఉన్న పక్క ఆ జెల్ నింపి గీత నిటారుగా కనిపించేలా చేస్తారు. ఎముక అంగుళం కదలదు, దూలం కదలదు, ముక్కు కాస్త లావవుతుంది, సుమారు ఏడాదికి జెల్ కరుగుతూ వస్తుంది. మీ ఊపిరి బాధ ఎక్కడిదక్కడే. ఇంతకంటే ముఖ్యమైన విషయం, ముక్కు మీది రక్తనాళాలకూ కంటి రక్తనాళాలకూ సంబంధం ఉంది. జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. జెల్‌ని కరిగించే మందు ఉంది, కానీ పోయిన చూపుని అది తిరిగి తెస్తుందన్న భరోసా లేదు. పావుగంట పని అని చెప్పేవాళ్లు ఈ మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి. చెప్పకుండా పెళ్లికావాల్సిన పిల్లల్ని కుర్చీలో కూర్చోబెడుతుంటే నాకు కోపం వస్తుంది. ఊపిరి బాగా ఆడుతూ, పైన చిన్న గుంట మాత్రమే ఉన్నవాళ్లకి అనుభవం ఉన్న చేతుల్లో ఈ పద్ధతి పనికొస్తుంది. మీది ఆ కేసు కాదు.

మరి దూలం ఆపరేషన్? ఆ డాక్టరు గారు సెప్టోప్లాస్టీ గురించి చెప్పి ఉంటారు. అది ఊపిరి కోసం చేసేది. బయటి వంకర దానితో సాధారణంగా పోదు. రెండూ కావాలంటే దూలాన్నీ పై ఎముకనీ ఒకే మత్తులో సరిచేసే సెప్టోరైనోప్లాస్టీ చేయించుకోవాలి. ఎముకని సన్నని ఉలితో లెక్కప్రకారం కోసి మధ్యకి తెస్తారు. దూలంలో వంగిన భాగాన్ని తీస్తారు లేదా నిటారు చేస్తారు. తీసేటప్పుడు పైనా ముందూ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున పట్టీ వదలాలి, లేకపోతే కొన్నాళ్లకి ముక్కు మధ్యలో కుంగిపోతుంది. తీసిన ముక్కనే సన్నని బద్దలుగా కోసి దూలానికి పక్కన దన్నుగా కుడతారు. వాటిని స్ప్రెడర్ గ్రాఫ్ట్‌లు అంటాం. ఇవి ముక్కుని నిలబెడతాయి, ఇరుకైన గాలిదారిని కూడా తెరుస్తాయి. లోపలి ముక్క సరిపోకపోతే చెవి నుంచో పక్కటెముక నుంచో తీసుకుంటారు. సర్జన్‌ని కలిసినప్పుడు ఫీజు కంటే ముందు ఈ ప్రశ్న అడగండి: “నా దూలాన్ని ఏం చేస్తారు?” దానికి వివరంగా జవాబు చెప్పేవాళ్ల దగ్గరే చేయించుకోండి.

పూర్తి మత్తు ఇస్తారు, రెండు మూడు గంటల పని. ముక్కు మీద గట్టి పట్టీ వారం ఉంటుంది. కళ్ల కింద కమిలిన నలుపు పది పదిహేను రోజుల్లో పోతుంది. లోపల కుక్కిన గుడ్డ లాగేటప్పుడు ప్రాణం పోతుందని ఊళ్లో ఎవరో చెప్పి ఉంటారు. ఇప్పుడు చాలామందిమి దూలం పొరలని దారంతో కలిపి కుట్టేస్తున్నాం, గుడ్డ కుక్కాల్సిన అవసరం చాలావరకు తగ్గింది. వాపు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొన దగ్గర మాత్రం ఏడాది దాకా కొద్దిగా వాపు ఉంటుంది. అందుకని ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందే చేయించుకోండి. కబడ్డీకి అంతకంటే ఎక్కువ కాలమే దూరంగా ఉండాలి, ఎప్పుడు దిగొచ్చో మీ సర్జన్ చెప్పాలి. సిగరెట్ అలవాటుంటే ముందూ వెనకా కొన్ని వారాలు మానెయ్యాలి, లేకపోతే గాయం సరిగా మానదు.

ఒక్కటి ముందే తెలిసి ఉండాలి. మెత్తటి ఎముకకి పాత వంపు వైపు తిరిగి వంగే గుణం ఉంది. నూటికి నూరుపాళ్లు నిటారు చేస్తామని మాటిచ్చేవాళ్లని నమ్మకండి. ఎదుటివాళ్ల కంటికి వంకర కనపడకుండా, రెండువైపులా గాలి ఆడేలా చెయ్యగలిగితే అది మంచి ఆపరేషనే. సుమారు పదిమందిలో ఒకరికి మళ్లీ చిన్న సవరింపు కావాల్సి వస్తుంది, అదీ ఏడాది ఆగాకే.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. సైకిల్ మీంచి పడి ముక్కు పక్కకి వెళ్లింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పెద్దయ్యాక చేయించుకోవచ్చులే అంటున్నారు ఇంట్లో. నిజమేనా?
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: అమ్మా, మీకు పత్రిక వచ్చేదాకా ఆగకుండా ముందే జవాబు పంపాను. మిగతా తల్లిదండ్రుల కోసం మళ్లీ రాస్తున్నాను.

దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో చూడాల్సింది ఎక్స్‌రే కాదు, ముక్కు లోపల. పిల్లల ముక్కులో ఎక్కువ భాగం మెత్తటి ఎముకే, అది ఎక్స్‌రేలో పడదు. టార్చి వేసి రంధ్రాల్లోకి చూస్తే దూలానికి ఒక పక్కో రెండు పక్కలో ఎర్రగా, ఊదాగా ఉబ్బు కనిపించి, ముక్కు పూర్తిగా మూసుకుపోయి నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం గడ్డకట్టినట్టు. మెత్తటి ఎముకకి సొంతంగా రక్తనాళాలు లేవు, పైపొర నుంచే దానికి ఆహారం అందుతుంది. మధ్యలో రక్తం నిండి ఆ పొర విడిపోతే ఎముక చచ్చిపోవడం మొదలవుతుంది, చీము కూడా పట్టొచ్చు. ఆ తర్వాత ముక్కు మధ్యలో కుంగి జీనులా అయిపోతుంది. అదే రోజు రక్తం తీసేయిస్తే ఇదంతా తప్పుతుంది. రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు.

ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం ఆగకుండా కారుతున్నా, పిల్లాడు మగతగా ఉన్నా, వాంతులు చేసుకున్నా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇవేవీ లేకపోతే, వాపు తగ్గేదాకా ఆగి పక్కకి జరిగిన ఎముకని కోత లేకుండా చేత్తోనే మధ్యకి తెస్తాం. పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది కాబట్టి వారంలోపు, పెద్దవాళ్లకైతే రెండు వారాల్లోపు చెయ్యాలి. చీరాల కుర్రాడికి ఈ సంగతి అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఇవాళ అతనికి పెద్ద ఆపరేషన్ అవసరం పడేది కాదేమో. ఆ గడువు దాటితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. పిల్లలకి ఆపైన ఊపిరికి బాగా ఇబ్బందైతే తప్ప ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగుతాం. ఆడపిల్లలకి 15, 16 ఏళ్లు, మగపిల్లలకి 17, 18 ఏళ్లు వచ్చాక చేస్తాం.

ప్రశ్న: మాకు పాప పుట్టి ఇరవై రోజులు. ముక్కు కొంచెం పక్కకి ఉంది. స్నానం చేయించే పెద్దమ్మ రోజూ నూనె రాసి ముక్కు నొక్కి లాగుతోంది, కోటేరు ముక్కు వస్తుందంటోంది. మా అత్తయ్య కూడా అవునంటున్నారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అత్తయ్యగారికి నా మాటగా చెప్పండమ్మా, ముక్కు జోలికి వెళ్లొద్దు. నొక్కడం వల్ల ముక్కు ఆకారం మారదు. మొదటి నెలల్లో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, రంధ్రాల్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా తేగలదు. ఒంటికి నూనె రాయడం మంచిదే, ముఖం మీద మాత్రం చేత్తో నిమిరితే చాలు.

కడుపులోనో, కాన్పు సమయంలోనో నొక్కుకుని పక్కకి వెళ్లిన ముక్కు చాలామంది పిల్లల్లో దానంతటదే సర్దుకుంటుంది. కొన దగ్గర వేలితో మెత్తగా మధ్యకి జరిపి వదిలి చూడండి. అక్కడే నిలబడితే భయం లేదు. వెంటనే పక్కకి వెళ్లిపోతున్నా, పాలు తాగుతూ ఊపిరాడక మధ్యమధ్య వదిలేస్తున్నా దూలం జారి ఉండొచ్చు. పిల్లల డాక్టరుకి ఈ వారమే చూపించండి.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పోయిన ఏడాది దూలం ఆపరేషన్ అయింది. ఊపిరి బాగుంది గానీ ముక్కు వంకర అలాగే ఉంది. ఆపరేషన్ పాడైందా? మళ్లీ చేయించుకుంటే ముక్కుపుడక పెట్టుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, రాజమండ్రి

జవాబు: పాడవలేదమ్మా. ఊపిరి కోసం చేసిన ఆపరేషన్ ఊపిరిని బాగుచేసింది. బయటి రూపం సంగతి ముందే మీకు చెప్పాల్సింది. వంకర మిమ్మల్ని నిజంగా బాధపెడుతుంటేనే రెండోసారి వెళ్లండి. సెల్ఫీ చూసి నిర్ణయించుకోకండి, చెయ్యి చాచినంత దూరంలో తీసిన ఫోటోలో ముక్కు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అయిదారడుగుల దూరం నుంచి ఎవరిచేతైనా తీయించుకుని, కనుబొమల మధ్య నుంచి గడ్డం మధ్యకి గీత గీసి చూడండి. కొందరికి ముఖమే ఒకవైపు కొంచెం చిన్నదిగా ఉంటుంది, అప్పుడు ముక్కుని ఎంత సరిచేసినా ఆ గీత మీద పూర్తిగా నిలవదు.

ఆపరేషన్‌కి ముందు ముక్కుపుడక తీసేయాలి. పుడక పెట్టే చోటు రెక్క మీద కాబట్టి లోపలి పని దాన్ని తాకదు. కానీ మానకముందే గుచ్చితే చీము పడుతుంది. సుమారు ఆరు వారాల తర్వాత సర్జన్ చూసి సరేనన్నాక పెట్టుకోండి. ఈలోగా రంధ్రం బిగుసుకుపోతుందని భయపడొద్దు, మళ్లీ కుట్టించుకోవచ్చు. బరువు కళ్లజోడు కూడా అప్పటిదాకా ముక్కు మీద ఆనకూడదు.

ప్రశ్న: ఖర్చుకి ఇన్సూరెన్స్ వస్తుందా? ప్రభుత్వాసుపత్రిలో చేస్తారా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అందం కోసం చేయించుకుంటే ఇన్సూరెన్స్ రాదు. ప్రమాదంలో విరిగిన ముక్కుని సరిచేయడానికి, లేదా వైద్యపరంగా అవసరమైన దూలం ఆపరేషన్‌కి రావచ్చు. అయితే చాలా పాలసీల్లో దూలం ఆపరేషన్‌కి మొదటి రెండేళ్లు ఆగాలన్న నిబంధన ఉంటుంది, మీ పాలసీ కాగితంలో చూసుకోండి. దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రి చీటీ, రోడ్డు ప్రమాదమైతే పోలీసు కాగితం, పాత ఫోటో ఒకటి దాచిపెట్టుకోండి. దెబ్బకి ముందు ముక్కు ఎలా ఉండేదో చూపడానికి ఆ ఫోటో సర్జన్‌కి కూడా పనికొస్తుంది. హైదరాబాద్ కోఠిలోనూ విశాఖపట్నంలోనూ చెవి, ముక్కు, గొంతు జబ్బులకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. మీకు కోఠి దగ్గర, ఉదయం ఓపీ సమయానికి ఈ కాగితాలు పట్టుకుని వెళ్లండి.