కెప్టెన్ అయిన మేనకోడలికి: కోర్టులోకి దిగకముందు ఆడవలసిన ఆట

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులు.

కళాశాల వాలీబాల్ జట్టుకు నిన్ను కెప్టెన్‌ను చేశారని తెలిసి చాలా సంతోషించాను. రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని కప్పు ఎత్తుతున్నట్టు ఊహించుకుంటే గెలుపు దానంతట అదే వస్తుందని హాస్టల్‌లో ఎవరో చెప్పారనీ, అది నిజమైతే జట్టు మొత్తం చేత చేయించవచ్చా అనీ అడిగావు. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చు గానీ, ఇది భోజనాల దగ్గర చెబితే సగం గాలికి పోయే విషయం కనుక కాగితం మీదే పెడుతున్నాను.

కప్పు ఎత్తడానికి ఎవరికీ సాధన అక్కర్లేదు, అమ్మడూ. సాధన కావలసింది నాలుగో సెట్‌లో 17-21తో వెనకబడి, అవతలివాళ్ల సర్వీసులు వరుసగా మూడు మన చేతుల్లోంచి బయటికి ఎగిరిపోయి, వెనకవరుసలో రక్షణకే ఉండే మీ లిబెరో తల దించుకుని నిలబడినప్పుడు నువ్వు ఎటు నడవాలో, ఎవరితో ఏ గొంతుతో ఏం మాట్లాడాలో తెలియడానికి. మనసులో ఆడి చూసుకోవలసింది అటువంటి క్షణాలను. కెప్టెన్‌కు దీనికి తోడు ఇంకొక పని ఉంది: తన ఊహ సంగతి అలా ఉంచి, కోర్టులో ఉన్న ఆరుగురి మనసుల్లోని బొమ్మలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూసుకోవడం. ఈ రెండో పనిని నేర్పేవాళ్లు తక్కువ.

ముందుగా, ఊహాసాధనకు ఎంత విలువ ఇవ్వాలో చెబుతాను. 1983లో ఫెల్ట్జ్, లాండర్స్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసి, మనసులో సాధన చేసినవారు ఏ సాధనా చేయనివారికంటే మెరుగ్గా ఆడతారని తేల్చారు. 1994లో డ్రిస్కెల్, మరి ఇద్దరు కలిసి ఇటువంటి పరిశీలనే మళ్లీ చేశారు. ప్రయోజనం ఉన్నమాట నిజమే గానీ ఒళ్లు వంచి చేసే సాధనతో అది సమానం కాదని, కండబలం కంటే ఆలోచన, క్రమం ఎక్కువగా అవసరమయ్యే పనుల్లో అది మరింత బాగా కనిపిస్తుందని, రోజులు గడిచేకొద్దీ కరిగిపోతుందని వారు చెప్పారు. దీన్ని మన ఆటకు అన్వయించుకో. నీ స్మాష్‌లో బలం పెరగాలంటే దూకవలసిందే, కొట్టవలసిందే. కానీ ఏ రొటేషన్‌లో, అంటే స్థానాలు తిరిగే వరుసలో, ఎక్కడ నిలబడాలి, పాస్ నెట్‌కు దూరంగా పడితే ఎవరు ఎటు కదలాలి, అవతలి సెట్టర్, అంటే కొట్టేవారికి బంతి లేపే అమ్మాయి, వెనకవరుసలో ఉన్నప్పుడు మన బ్లాక్ ఎవరిని కాపలా కాయాలి అనేవి ప్రధానంగా ఆలోచనకు సంబంధించినవి. వాటిని మనసులో ఆడుకోవడం వల్ల లాభం ఉంటుంది. లాభం కరిగిపోయేది కనుక నెలకొకసారి గంటసేపు చేసేదానికంటే, కొద్దికొద్దిగా తరచూ చేసేది మేలు.

ఎలా చేయాలన్న విషయంలో చాలామంది దారి తప్పుతారు. పడక మీద వాలి, దీపం ఆర్పి, నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ చేయడం నిద్రకు మంచిదే గానీ ఆటకు అంతగా పనికిరాదు. 2001లో హోమ్స్, కాలిన్స్ అనే ఇద్దరు క్రీడా మనస్తత్వ నిపుణులు ప్రతిపాదించిన ఒక పద్ధతి ఉంది. ఊహలోని ఆట అసలు ఆటకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదన్నది దాని సారం. శరీరం ఆడేటప్పటి స్థితిలో ఉండాలి, చోటు అదే కావాలి, పని అదే కావాలి, వేగం అదే కావాలి, కలిగే ఉద్వేగం కూడా అదే కావాలి. ఆట మెరుగుపడినకొద్దీ ఊహనూ మార్చుకుంటూ పోవాలి. చూపు నీ కళ్లలోంచి సాగుతోందో, పక్కనుంచి నిన్ను నువ్వే చూసుకుంటున్నావో తెలిసి ఉండాలి. కాబట్టి జెర్సీ, బూట్లు వేసుకుని, కోర్టులో సర్వీసు గీత వెనక నిలబడి, చేతిలో బంతి పట్టుకుని చేయి. రిఫరీ విజిల్ వేశాక సర్వీసుకు నీకున్నది 8 సెకన్లే. ఊహలో కూడా ఆ 8 సెకన్లే తీసుకో. నెట్ ఎత్తు 2.24 మీటర్లు, ఊహలో నెట్ మెల్లగా కిందికి దిగిపోతుంది, జాగ్రత్త!

చోటు గురించి ఇంకొక మాట. చెన్నైలో ఆరుబయట కోర్టుల మీద ఆడినదానివి కనుక నీకు తెలిసే ఉంటుంది: మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తే, తిప్పు లేకుండా కొట్టిన ఫ్లోటర్ సర్వీసు మామూలు కంటే ఎక్కువగా ఊగుతుంది. ఉదయం పూట అభ్యాసంలో ఆరు అంగుళాలు లోపల పడిన బంతి సాయంత్రం గీత దాటిపోవచ్చు. మ్యాచ్ ఏ వేళకో, కోర్టు ఏ దిక్కుకు ఉందో ముందే కనుక్కుని, ఆ గాలినీ ఆ ఉక్కనూ, చెమటతో జారే ముంజేతులనూ ఊహలోకి తెచ్చుకోవాలి. ఇండోర్‌లో అయితే గాలి బాధ ఉండదు గానీ, పైకి చూసినప్పుడు కళ్లలో పడే దీపాలు, గోడల మధ్య రెట్టింపయ్యే అరుపులు ఉంటాయి. చల్లగా, నిశ్శబ్దంగా ఊహించుకున్న ఆట చల్లగా నిశ్శబ్దంగా ఉన్నచోటే పనికొస్తుంది, అటువంటి చోట నీకెవరూ మ్యాచ్ పెట్టరు.

కొందరికి ఊహలో సర్వీసు పదేపదే నెట్‌కే తగులుతుంది. వద్దనుకున్నకొద్దీ ఆ బొమ్మే వస్తుంది. దాన్ని తరిమే ప్రయత్నం చేయవద్దని ఆ అమ్మాయికి చెప్పు. బంతిని పైకి వేసే దగ్గరికి వెనక్కి తీసుకెళ్లి, అక్కడ నెమ్మదిగా కదిలించి, చేయి ఎక్కడ తగలాలో అక్కడ తగిలించి, బంతి నెట్ దాటేదాకా చూసి, ఆ తర్వాత అసలు వేగంతో మళ్లీ ఆడాలి. ఇంకొందరికి అసలు బొమ్మే కనిపించదు. కళ్లు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ రాని మనుషులు లోకంలో ఉన్నారు, అది లోపమూ కాదు, సోమరితనమూ కాదు. అటువంటి అమ్మాయికి బంతి ముంజేతి మీద పడిన చప్పుడు, మోకాలు వంగినప్పటి బరువు, అడుగుల లయ గుర్తుచేసుకోవడం సరిపోతుంది. జట్టంతా వరుసగా కూర్చుని కళ్లు మూసుకోవాలని ఆజ్ఞ వేస్తే, ఆమె నలుగురిలో కలిసి నటించడం నేర్చుకుంటుంది, అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. సర్వీసు ఒంటరి పని; రిసీవ్, అంటే అవతలి సర్వీసును అందుకోవడం, ఒంటరి పని కాదు. అవతలివాళ్లు తెలివైనవాళ్లయితే సర్వీసును మనిషి మీదికి కాక ఇద్దరి మధ్య సందులోకి కొడతారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నట్టు, ఆ బంతి ఇద్దరిదీ అయి, ఎవరిదీ కాకుండా నేల మీద పడుతుంది. ఆ ఇద్దరూ రాత్రి తమ తమ గదుల్లో ఎంత శ్రద్ధగా ఊహాసాధన చేసినా, ఒకరి ఊహలో ఆ బంతిని ఆమే తీసుకుని, రెండో ఆమె ఊహలో కూడా ఆమే తీసుకుంటుంటే, లేదా ఇద్దరూ వదిలేస్తుంటే, ఆ సాధన మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. తప్పును ఇద్దరూ గట్టిగా వల్లె వేసినట్టు అవుతుంది కదా.

అందుకని అభ్యాసం ముగిశాక, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే, పది నిమిషాలు కోర్టులోనే ఆరుగురినీ వారి వారి స్థానాల్లో నిలబెట్టు. బంతి వద్దు. ఒక రొటేషన్ తీసుకో. నా సలహా అడిగితే, సెట్టర్ ఒకటో స్థానంలో, అంటే వెనక కుడివైపు ఉండగా మనం సర్వీసు అందుకునే రొటేషన్‌తో మొదలుపెట్టు. అందులో సాధారణంగా ఎడమవైపు కొట్టే అమ్మాయి కుడికి, కుడివైపు కొట్టే అమ్మాయి ఎడమకు వచ్చి పడతారు, సెట్టర్ వెనక మూల నుంచి నెట్ దగ్గరికి పరుగెత్తాలి, పైగా స్థానాల నియమం తప్పితే పాయింటే పోతుంది. చాలా జట్లు వరుసగా పాయింట్లు పోగొట్టుకునేది ఇక్కడే. అవతలి నుంచి సర్వీసు ఐదో స్థానానికీ (వెనక ఎడమవైపు) ఆరో స్థానానికీ (వెనక నడుమ) మధ్యకు వచ్చిందని నువ్వు చెప్పు. తర్వాత ఒక్కొక్కరినీ ఏం చూస్తున్నావని అడుగు. ఎవరు అరిచారు, ఎవరు తప్పుకున్నారు, పాస్ ఎక్కడ పడింది, సెట్టర్ ఎవరికి లేపింది, మిగిలినవాళ్లు కొట్టేవారి వెనక ఎక్కడ కాపు కాశారు, అన్నీ వాళ్ల నోటే రావాలి. మొదటి రోజు ఆరుగురూ ఆరు ఆటలు చెబుతారు. నవ్వుకోండి, కోపం తెచ్చుకోవద్దు. తేడా కనబడిన చోట నువ్వు తీర్పు చెప్పకముందు ఆ ఇద్దరినే మాట్లాడుకోనివ్వు. కుదిరిన ఒప్పందాన్ని మరునాడు బంతితో ఆడి చూసి, నిలిస్తే ఉంచండి, నిలవకపోతే మార్చండి. మీ జట్టులో తమిళ, మలయాళ, తెలుగు అమ్మాయిలు ఉన్నారన్నావు కాబట్టి, బంతి నాదని అరిచే కేక మాత్రం అందరిదీ ఒకటే కావాలి. ఊహలో కూడా ఆ కేక వినబడాలి.

బెంచీ మీద ఉన్నవాళ్లను ఈ పది నిమిషాలకు దూరంగా ఉంచకు. సెట్‌కు ఆరు మార్పులు చేసుకోవచ్చు. 23-23 దగ్గర కేవలం సర్వీసు కోసం లోపలికి వచ్చే అమ్మాయికి ఒంట్లో వేడి ఉండదు, చేతిలో ఆట ఉండదు. కోర్టులో సమయం దొరకని ఆమెకే ఊహాసాధన అందరికంటే ఎక్కువ అవసరం.

నాయకత్వం సంగతి అడిగావు. నేను నందనంలోని వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలలో చదివాను. 1920లో హ్యారీ క్రో బక్ స్థాపించిన ఆ కళాశాలలో మాకు గీతలు గీయడం నుంచి జట్టు నడపడం దాకా అన్నీ నేర్పారు గానీ, ఆటగాళ్ల మనసు గురించి నా ఆలోచనను మార్చింది ఆ తర్వాత చదివిన చెల్లదురై సిద్ధాంతం. మన దేశంలో పుట్టి కెనడాలో పరిశోధన చేసిన ఆయన 1980లో సాలే అనే సహచరుడితో కలిసి క్రీడా నాయకత్వాన్ని కొలిచే పట్టిక తయారు చేశారు. శిక్షణ ఇవ్వడం, అందరినీ అడిగి నిర్ణయించడం, తానొక్కరే నిర్ణయించడం, కష్టసుఖాలు చూసుకోవడం, బాగా చేసినప్పుడు మెచ్చుకోవడం అని ఐదు తీరులు అందులో ఉన్నాయి. సందర్భం కోరేది, ఆటగాళ్లు ఇష్టపడేది, నాయకుడు నిజంగా చేసేది, ఈ మూడూ ఎంత కలిస్తే జట్టు అంత బాగా ఆడుతుందని, అంత తృప్తిగా ఉంటుందని ఆయన వాదన. శిక్షకులను దృష్టిలో పెట్టుకుని చెప్పినదే అయినా కెప్టెన్‌కూ అక్షరాలా వర్తిస్తుందని నా అభిప్రాయం. అభ్యాసం తర్వాతి పది నిమిషాల్లో నువ్వు అడిగేదానివి. 30 సెకన్ల టైమౌట్‌లో అడగడానికి సమయం లేదు, అక్కడ శిక్షకుడు మాట్లాడాక నీకు మిగిలేది ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని ముందుగానే మనసులో పలికి చూసుకోవాలి. గట్టిగా అరిస్తే ముడుచుకుపోయేది ఎవరు, మెత్తగా చెబితే వినిపించుకోనిది ఎవరు అన్నది నీకు తెలిసి ఉండాలి.

2024 పారిస్ ఒలింపిక్స్ హాకీ క్వార్టర్ ఫైనల్‌ను వీలైతే మళ్లీ చూడు. బ్రిటన్ మీద 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపారు. 60 నిమిషాల ఆటలో నలభై నిమిషాలకు పైగా మనవాళ్లు పదిమందితోనే ఆడి, 1-1తో నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపినవి అందరూ చూస్తారు. నువ్వు మాత్రం కార్డు చూపిన తర్వాతి రెండు నిమిషాలు చూడు. ఖాళీ అయిన చోటును ఎవరు పూరించారు, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ ఎవరి వైపు తిరిగాడు, ఎవరి చేతులు ఏం చూపిస్తున్నాయి అన్నది గమనించు. అంతకు ముందు ఏడాది ఇక్కడే ఎగ్మోర్ రాధాకృష్ణన్ స్టేడియంలో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో ఆ జట్టే సగం ఆటకు 1-3తో వెనకబడి 4-3తో మలేసియాను ఓడించింది. మనోబల శిక్షకుడిగా ప్యాడీ అప్టన్ అప్పటికే వాళ్లతో ఉన్నాడు. ఈ విజయాలన్నీ ఊహాసాధన పుణ్యమేనని నేను అనను, అలా అనేవాళ్లను నమ్మవద్దని కూడా చెబుతాను. ఆటలో ఒక విజయానికి ఒకే కారణం ఉండదు.

నీ సొంత సాధనకు మూడు నాలుగు చెడ్డ క్షణాలు ఎంచుకుంటే చాలు. రిఫరీ నిర్ణయం తప్పని ఆరుగురూ చేతులెత్తి మీదికి వెళుతున్నారు, మాట్లాడే హక్కు కెప్టెన్‌గా నీ ఒక్కదానికే ఉంది. అప్పుడు నీ ముఖం ఎలా ఉంటుంది, జట్టును వెనక్కి పంపి ఏ మాటతో వివరణ అడుగుతావు? మ్యాచ్ పాయింట్ మీద నీ స్మాష్‌నే బ్లాక్ చేశారు, తర్వాతి బంతి కూడా నీకే కావాలని సెట్టర్‌కు ఎలా తెలియజేస్తావు? ఐదో సెట్‌లో 8 దగ్గర వైపులు మారుతున్నారు, 4-8తో వెనక ఉన్నారు, ఆ నడకలో ఎవరి పక్కన నడుస్తావు? గుండె కొట్టుకోవడం కూడా ఊహలోకి రానివ్వు. మ్యాచ్ ముందు రోజు రాత్రి మాత్రం ఇవేవీ పెట్టుకోకు, నిద్ర పో.

ఇదంతా మొదలుపెట్టే ముందు మీ శిక్షకుడికి చెప్పి ఆయన అనుమతి తీసుకో; ఆయన పెట్టిన రిసీవ్ అమరికకు విరుద్ధంగా మీరు ఊహలో వేరే అమరిక సాధన చేస్తే గొడవే అవుతుంది. ఆ తర్వాత సెట్టర్ అమ్మాయితో విడిగా కూర్చో, ఎందుకంటే ప్రతి ఆటలోనూ రెండో తాకు ఆమెదే, మిగిలినవాళ్ల బొమ్మలు ఆమె బొమ్మ చుట్టూనే తిరుగుతాయి. ఆదివారం వచ్చేటప్పుడు మీ ఆరు రొటేషన్లనూ కాగితం మీద గీసి తీసుకురా. ఒకటో రొటేషన్‌లో ఐదుకూ ఆరుకూ మధ్య వచ్చే బంతి ఎవరిదని నువ్వు అనుకుంటున్నావో రాయి, అదే ప్రశ్న లిబెరోను అడిగి ఆమె జవాబును కూడా పక్కనే రాసుకుని రా.

ఆశీస్సులతో,
మామయ్య