రెండో కుర్చీ: కాలేజీ బాస్కెట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ ఉద్యోగంపై మీ ప్రశ్నలు

కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో అసిస్టెంట్ కోచ్‌గా చేరడం ఎలా, చేరాక చేయాల్సిందేమిటి అని బెంగళూరు తెలుగు పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు. జవాబులిచ్చింది కాలేజీ జట్లతో పనిచేస్తున్న కోచ్‌లు.

మా అబ్బాయి బీకాం మూడో ఏడు. కాలేజీ టీమ్‌లో పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించే ప్లేయర్). ఆడటం కన్నా ఆడించడం ఇష్టమంటున్నాడు. అసిస్టెంట్ కోచ్ కావాలంటే ఏం చదివించాలి? ఆ జీతంతో ఇల్లు గడుస్తుందా?
– ఒక తండ్రి, మారతహళ్ళి

ముందు ఒక చిక్కు విప్పుకోవాలండీ. మన కాలేజీల్లో పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ వేరు, కోచ్ వేరు. పీడీ ఉద్యోగంలో అన్ని ఆటలూ చూసుకోవాలి. స్కేలు ఉండేది ఆ ఉద్యోగానికే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం దానికి వ్యాయామ విద్యలో 55 శాతంతో పీజీ, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), అంతర్ కళాశాల స్థాయిలోనో ఆపైనో ఆడిన రికార్డు ఉండాలి. వీటికి తోడు పరుగు పరీక్ష కూడా ఉంది. 30 ఏళ్ల లోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తి చేయాలి. మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. ఈ స్కేలు అమలు చేసే కాలేజీల సంగతి ఇది. ప్రైవేటు కాలేజీలో యాజమాన్యం ఎంతంటే అంత.

కోచ్ దారి మరొకటి. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి కోచ్‌లను తయారు చేస్తోంది. 'ఎన్ఐఎస్ చేశాడా?' అని ఇంటర్వ్యూలో అడిగేది అక్కడి డిప్లొమా గురించే. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది గానీ, దాన్ని డిప్లొమాతో సమానంగా చూడరు.

మీ అబ్బాయికి మా సలహా ఇది. బీకాం అవగానే రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ)లో చేరమనండి. ఆ వేసవి సెలవుల్లోనే ఆరు వారాల కోర్సుకు ప్రయత్నించమనండి. రెండూ అయ్యాక ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) చేసి పీడీ అవుతాడా, డిప్లొమాకు వెళ్లి కోచ్ అవుతాడా అన్నది తేల్చుకోవచ్చు. ఇల్లు గడవడమే ముఖ్యమైతే ఎంపీఈడీ, నెట్ వదలొద్దు. చెన్నై పంపడానికి అభ్యంతరం లేకపోతే నందనంలో 1920లో మొదలైన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల ఉంది, మేలకొట్టైయూరులో తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయం ఉంది.

అసిస్టెంట్ కోచ్ పోస్టు సాధారణంగా కాంట్రాక్టు మీదే ఉంటుంది. చాలాచోట్ల పది నెలలకే జీతం, ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపులే దిక్కు. అందుకే చేరే రోజే నెలలు, గంటలు, టోర్నమెంట్‌కు వెళ్తే భత్యం ఎంతో రాసి ఉన్న అపాయింట్‌మెంట్ లెటర్ అడిగి తీసుకోవాలి. ఇంకో మాట. ఇప్పటిదాకా ఆడిన ప్రతి టోర్నమెంట్ సర్టిఫికెట్ మీదా సంతకం, సీలు ఉన్నాయో లేదో ఈ వారమే చూడమనండి. రెండేళ్ల తర్వాత ఆ సంతకం పెట్టినాయన ఏ ఊళ్లో ఉంటాడో ఏమో!

అమ్మాయిల జట్టుకు కొత్తగా అసిస్టెంట్‌గా చేరాను. మ్యాచ్‌లో మా హెడ్ కోచ్ 'పక్కన కూర్చుని రాసుకోమ్మా' అంటారు. ఏం రాయాలి? అసలు బెంచీ మీద నా పనేంటి?
– ఒక పాఠకురాలు, కేఆర్ పురం

ఏం రాయాలో చెప్పకుండా రాసుకోమంటే ఎవరికైనా విసుగే. ఏ4 కాగితాల మీద సగం కోర్టు బొమ్మ గీసి పెట్టుకోండి, జట్టుకొకటి. షాట్ ఎక్కడి నుంచి వేస్తే అక్కడ ఆ అమ్మాయి జెర్సీ నంబర్ రాయండి. బంతి పడితే ఆ నంబర్ చుట్టూ సున్నా చుట్టండి. క్వార్టర్ మారినప్పుడల్లా పెన్ను రంగు మార్చండి. కాగితం అంచున నాలుగు గళ్లు గీసి టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), అటాకింగ్ రీబౌండ్లు (వేసిన షాట్ పడనప్పుడు బంతి మళ్లీ ఆ జట్టుకే దక్కడం), ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు దక్కే షాట్లు), ఫౌల్స్ గీతలతో లెక్కపెట్టండి. ఇంతకుమించి పెట్టుకుంటే మొదటి నెలలో చెయ్యి ఆటను అందుకోలేదు.

క్వార్టర్ల మధ్య విరామం రెండు నిమిషాలే. అందులో మీ వాటా పది సెకన్లు. 'ఎడమ కార్నర్ నుంచి ఆరు వేశాం, ఒకటే పడింది. వాళ్ల 9కి మూడు ఫౌల్స్.' ఇంత చాలు. కాగితం మొత్తం చదివి వినిపిస్తే రెండో మ్యాచ్ నుంచి ఆయన మీ వైపు చూడరు.

కొన్ని పనులు రూల్ ప్రకారమే మీవి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో టైమౌట్ అడిగే హక్కు హెడ్ కోచ్‌కి, ఫస్ట్ అసిస్టెంట్‌కి మాత్రమే ఉంది. ఎన్‌బీఏ చూసి అలవాటైన ప్లేయర్లు కోర్టులోంచి రెఫరీ వైపు టైమౌట్ కోసం చేతులతో 'టీ' ఆకారం చూపిస్తారు. మన దగ్గర అది చెల్లదు. టేబుల్ దగ్గరున్న స్కోరర్‌కి మీరే చెప్పాలి. మొదటి సగంలో రెండు టైమౌట్లు, రెండో సగంలో మూడు. వాడనివి తర్వాతి సగానికి రావు. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో రెండుకు మించి తీసుకోలేరు. అంటే రెండో సగంలో ఒక్కటీ వాడకుండా గడియారం 2:00కి వచ్చిందంటే ఒకటి పోయినట్టే. 2:30 దగ్గర ఆయన చెవిలో ఆ మాట వెయ్యాల్సింది మీరే.

సబ్‌స్టిట్యూషన్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. దాన్ని కోచ్ అడగకూడదు, మారాల్సిన అమ్మాయే స్వయంగా టేబుల్ దగ్గరికి వెళ్లి అడగాలి. బంతి ఆగిన తర్వాత ట్రాక్‌సూట్ విప్పడం మొదలుపెడితే అవకాశం దాటిపోతుంది. తర్వాత దిగబోయేది ఎవరో ముందే ఊహించి, ఆ అమ్మాయిని లేసులు బిగించి మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ఫౌల్స్ లెక్క ఎప్పుడూ నోటికి రావాలి. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌల్స్ నాలుగు నిండాక, డిఫెన్స్‌లో చేసే ప్రతి ఫౌల్‌కూ అవతలి వాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. ఆ నాలుగో ఫౌల్ పడగానే నాలుగు వేళ్లు ఎత్తి కోర్టులో వాళ్లకు చూపించండి. అది తెలియక మధ్య గీత దగ్గర అనవసరంగా చెయ్యి వేసి రెండు పాయింట్లు దానం చేసే జట్లు బోలెడు.

హెడ్ కోచ్ నిలబడి ఉంటే మీరు కూర్చోవాలి. ఒకసారికి ఒక్కరే నిలబడొచ్చు. మీరు లేచి అరిస్తే పడే టెక్నికల్ ఫౌల్ ఆయన ఖాతాలోకే వెళ్తుంది. అలాంటివి మూడైతే ఆయన బయటికి వెళ్లాలి. అప్పుడు జట్టు మీ చేతికొస్తుంది, స్కోర్‌షీట్‌లో మీ పేరుంటేనే. లేకపోతే కెప్టెన్‌కి వెళ్తుంది. మ్యాచ్‌కు 40 నిమిషాల ముందు ఇచ్చే జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. మర్చిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

మ్యాచ్ అయ్యాక ఇంటికెళ్లి ఒక లెక్క వెయ్యండి. షాట్లలోంచి అటాకింగ్ రీబౌండ్లు తీసేసి, టర్నోవర్లు కలిపి, ఫ్రీ త్రోలను 0.44తో హెచ్చవేసి కలపండి. ఉదాహరణకు మీ జట్టు 62 షాట్లు, 10 అటాకింగ్ రీబౌండ్లు, 18 టర్నోవర్లు, 16 ఫ్రీ త్రోలు అనుకుందాం. 62 – 10 + 18 + 7 = 77. బంతి మీ చేతికి 77 సార్లు వచ్చిందన్నమాట. వేసింది 58 పాయింట్లయితే ఒక్కో అవకాశానికి 0.75. అవతలి జట్టుకూ ఇదే లెక్క వెయ్యండి. బంతి ఒకరి తర్వాత ఒకరికి వెళ్తుంది కాబట్టి రెండు జట్ల అవకాశాలూ దాదాపు సమానంగా రావాలి. ఐదారు తేడా వచ్చిందంటే మీ గీతలు ఎక్కడో తప్పాయి. అలాంటి కాగితం హెడ్ కోచ్‌కి ఇవ్వకండి.

ఏడాదిగా అసిస్టెంట్‌ని. నాకు కోచింగ్ ఇవ్వరు. రైలు టికెట్లు, సర్టిఫికెట్లు, జెర్సీల ఉతుకు, ఇవే నా పనులు. మానేద్దామా?
– ఒక పాఠకుడు, బనశంకరి

అప్పుడే మానకండి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఎలిజిబిలిటీ ప్రొఫార్మా (ఆటగాళ్ల అర్హత పత్రం) తప్పు లేకుండా నింపగలిగిన మనిషిని ఏ యూనివర్సిటీ వదులుకోదు. మన పిల్లల విషయంలో తప్పు దొర్లేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, కాలేజీ ఐడీలో వెనక్కి వెళ్లిపోతుంది. పరిశీలన టేబుల్ దగ్గర ఈ ముగ్గురూ ఒకరేనని ఒప్పించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి. జులైలోనే మెమోలన్నీ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నవాళ్లకు ప్రిన్సిపాల్ లెటర్ తయారు చేయించండి. రిజిస్ట్రార్ సంతకం కోసం ఆఖరి వారంలో తిరగకండి.

టికెట్ల దగ్గర ఒక్క మాట. ఆరడుగుల నాలుగంగుళాల సెంటర్‌కి సైడ్ బెర్త్ ఇస్తే మర్నాడు మీకు రీబౌండ్లు రావు!

ఇక కోచింగ్ ఎవరూ పిలిచి ఇవ్వరు. 'వార్మప్ నాకు వదిలేయండి సార్' అని అడగండి. అది బాగా జరిగితే ఫ్రీ త్రోలు అడగండి. ఒక్కో ప్లేయర్ రోజుకెన్ని వేశాడు, ఎన్ని పడ్డాయి అని నెల రోజులు రాసి ఆ కాగితం చూపించండి. ఆ తర్వాత కూడా రెండో సీజన్ దాకా ఏమీ ఇవ్వకపోతే వేరే కాలేజీ చూసుకోవడమే మంచిది.

ఉదయం గంటన్నర ప్రాక్టీసులో మా సార్ నాకు 20 నిమిషాలిస్తారు. 12 మంది పిల్లలు, ఒక కోర్టు. ఏం చేయిస్తే ఫలితం కనిపిస్తుంది?
– ఒక యువ కోచ్, యలహంక

ఒకటే పెట్టుకోండి, క్లోజౌట్. అంటే బంతి అందుకున్న షూటర్ మీదికి డిఫెండర్ పరుగెత్తి వెళ్లి అడ్డుకోవడం. కాలేజీ మ్యాచ్‌ల్లో తేలిగ్గా పోయే త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) చాలావరకు అక్కడే పోతాయి.

పన్నెండు మందినీ ఒకే రింగ్ దగ్గర నిలబెట్టకండి. ఒక్కో సారికి 12 సెకన్లు పడితే ఆరు నిమిషాల్లో 30 సార్లు వస్తాయి. ఒక రింగ్ అయితే మనిషికి రెండో మూడో, రెండు రింగ్‌లు వాడితే ఐదు. మొదటి రెండు నిమిషాలు మీరే చేసి చూపించండి. తర్వాత ఆరు నిమిషాలు ఇలా: డిఫెండర్ రింగ్ కింద నుంచి వింగ్‌కు (కోర్టు పక్క వైపు నిలబడ్డ షూటర్‌కు) పాస్ ఇచ్చి దాని వెంటే పరుగెత్తాలి. రింగ్ నుంచి త్రీ లైన్ 6.75 మీటర్లు. మొదటి నాలుగున్నర మీటర్లు పూర్తి వేగం, ఆ తర్వాత చిన్న చిన్న అడుగులు, నడుము కిందికి, బంతి వైపు ఒక చెయ్యి పైకి. షూటర్‌కు చేతి దూరంలో ఆగాలి.

చెడేది ఆ చివరి రెండు మీటర్లలోనే. పిల్లవాడు నిటారుగా, అదే వేగంతో వెళ్లిపోతాడు. షూటర్ బంతిని కాస్త పైకెత్తి చూపిస్తే గాల్లోకి లేస్తాడు, పక్కనుంచి డ్రిబుల్ వెళ్లిపోతుంది. 'ఎగరొద్దు' అని అరిస్తే మారదు. ఎగరడానికి కారణం బరువు ముందుకు పడటం. నాలుగున్నర మీటర్ల దగ్గర నేల మీద టేపు అంటించండి, అది దాటాక బూట్ల చప్పుడు వినిపించాలనండి. రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది.

తర్వాత ఎనిమిది నిమిషాలు ఒకరికి ఒకరు, రెండు డ్రిబుల్స్ మాత్రమే, ఆపితే డిఫెండర్‌కు పాయింట్. మిగతా నాలుగు నిమిషాలు ముగ్గురికి ముగ్గురు. సిమెంట్ కోర్టయితే ఈ డ్రిల్ వారానికి మూడు రోజులు మించొద్దు. అంత వేగంలో ఆగడం మోకాళ్లకు భారం. రాత్రి వాన పడి కోర్టు తడిగా ఉంటే ఆ రోజు దీని జోలికే పోకండి.

మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చేస్తూ కాలేజీ జట్టులో అసిస్టెంట్‌గా చేరొచ్చా అని అడుగుతోంది.
– ఒక తల్లి, వైట్‌ఫీల్డ్

వెళ్లగానే అసిస్టెంట్ కాలేరు. అక్కడి మెట్లు వేరు. స్టూడెంట్ మేనేజర్, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (పీజీ చదువుతూ జట్టుకు పనిచేసేవాళ్లు), వీడియో కోఆర్డినేటర్, ఆపరేషన్స్ డైరెక్టర్, ఆ తర్వాత అసిస్టెంట్. అక్కడి కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో 2023 జులై నుంచి హెడ్ కోచ్ కింద ఐదుగురు అసిస్టెంట్లను పెట్టుకోవచ్చు. అప్పుడు కొత్తగా కలిసిన ఇద్దరికి కోర్టులో నేర్పే వీలిచ్చారు గానీ, బయట తిరిగి ప్లేయర్లను తెచ్చే పని ఇవ్వలేదు. ఆ పనికి వెళ్లే కోచ్‌లు ముందు నిబంధనల పరీక్ష పాసవ్వాలి.

మీ అమ్మాయికి అందేది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ మెట్టు. చేరే యూనివర్సిటీలోనే దొరకాలి, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్‌లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్ పని చేయకూడదు. సీటు వచ్చాక రాస్తే ఆలస్యమవుతుంది. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ జట్టు సిబ్బందికి రాయాలి, తాను కోసిన వీడియో క్లిప్పులు జతచేయాలి. ఆటలో తేడాలూ తెలిసి ఉండాలి. అక్కడ షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉండే గడువు) 30 సెకన్లు, మనకు 24. మగవాళ్లకు 20 నిమిషాల సగాలు రెండు, ఆడవాళ్లకు క్వార్టర్లు.

ఎన్నేళ్లు పడుతుందంటే చెప్పలేం. గొంజాగా యూనివర్సిటీలో మార్క్ ఫ్యూ 1989లో కింది మెట్టు మీద చేరి 1999లో హెడ్ కోచ్ అయ్యారు. నార్త్ కరొలైనా యూనివర్సిటీలో బిల్ గుత్రిడ్జ్, హెడ్ కోచ్ డీన్ స్మిత్ పక్కన 30 ఏళ్లు అసిస్టెంట్‌గానే ఉండి 1997లో ఆ కుర్చీ ఎక్కారు, మూడేళ్లలో రెండుసార్లు జట్టును ఫైనల్ ఫోర్‌కు (జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్స్‌కు) తీసుకెళ్లారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారాంతాల్లో ఏదైనా కాలేజీ జట్టుకు సాయం చేయాలని ఉంది. నాకు తగిన పని ఉందా?
– ఒక పాఠకుడు, బెళ్ళందూరు

వీడియో. చాలా జట్లకు ఆ మనిషే లేడు. ఫోన్‌ని ట్రైపాడ్ మీద, మధ్య గీతకు ఎదురుగా, గ్యాలరీలో వీలైనంత ఎత్తున పెట్టండి. బంతి వెంట జూమ్ చేయకండి, పదిమందీ ఎప్పుడూ కనిపించాలి. కోచ్ చూసేది బంతి లేని వైపునే. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు. ప్రతి అవకాశానికీ సమయం, ఆడిన సెట్ (ముందే అనుకున్న ఎత్తుగడ) పేరు, ఫలితం ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. ఒక మ్యాచ్‌కి మూడు గంటలు పట్టొచ్చు. అందులోంచి 12 క్లిప్పులు, మొత్తం ఆరు నిమిషాల లోపు, సోమవారం ప్రాక్టీసుకు ముందే హెడ్ కోచ్ ఫోన్‌కి చేరాలి. పిల్లల గ్రూప్‌లో నేరుగా పెట్టకండి. ఏ క్లిప్ ఎవరికి చూపించాలో ఆయన చూసుకుంటారు.