కీతో లాగిన్ అవుతోంది, సుడో మాత్రం రానివ్వడం లేదు: ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఫ్రీఐపీఏకి (యూజర్లనూ వాళ్ల అనుమతులనూ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్, కింద ఐపీఏ అంటాను) కలిపిన 13 రాకీ లినక్స్ సర్వర్లున్నాయి. ఎస్‌ఎస్‌హెచ్ కీతో, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా, అన్నిటిలోకీ వెళ్తున్నారు. 11 సర్వర్లలో సుడో (కమాండ్‌ను రూట్‌గా, అంటే పూర్తి అధికారంతో నడిపించేది) పనిచేస్తోంది, 2 సర్వర్లలో మాత్రం పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఒప్పుకోవడం లేదు. అడ్మిన్ చేత పాస్‌వర్డ్ రీసెట్ చేయించారు, ఎస్‌ఎస్‌ఎస్‌డీ (సర్వర్‌లో ఉండి ఐపీఏతో మాట్లాడే సర్వీసు) రీస్టార్ట్ చేశారు, అయినా అంతే. ఆ రీసెట్ కొంచెం తొందరపడి చేయించారేమో అనిపిస్తోంది, ఎందుకో కింద చెప్తాను. కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి.

సుడో పాస్‌వర్డ్ అడిగినప్పుడు లోపల జరిగేది ఒక్క తనిఖీ కాదు, మూడు. మొదటిది: నువ్వు నిజంగా నువ్వేనా? దీనికి జవాబు పాస్‌వర్డ్, దాన్ని సరిచూసేది ఐపీఏలోని కెర్బరోస్. రెండోది: నీకు ఈ మెషిన్‌లో సుడో అనే సర్వీసు వాడే అనుమతి ఉందా? ఇది ఐపీఏలో హెచ్‌బ్యాక్ రూల్ చూసుకుంటుంది. మూడోది: ఈ కమాండ్‌ను రూట్‌గా నడిపే హక్కు నీకు ఎవరైనా ఇచ్చారా? ఇది సుడో రూల్. మూడింటిలో ఏది కాదన్నా మనకు కనిపించేది మాత్రం పాస్‌వర్డ్ కొట్టాక తలుపు మూసుకోవడమే. అందుకే అందరం ముందు పాస్‌వర్డ్‌నే అనుమానిస్తాం. నేనూ అంతే.

నాలుగైదేళ్ల క్రితం మాట. హైదరాబాద్‌లో నేను అప్పుడు పనిచేస్తున్న కంపెనీలో ఆడిట్ వాళ్లు వచ్చారు. ఐపీఏ ఇన్‌స్టాల్ చేసినప్పుడు డీఫాల్ట్‌గా 'అలవ్ ఆల్' అనే హెచ్‌బ్యాక్ రూల్ వస్తుంది, అంటే ఎవరైనా ఎక్కడికైనా ఏ సర్వీసుతోనైనా వెళ్లొచ్చని. అది తీసేయమన్నారు. తీసేశాను. దాని బదులు టీమ్‌వారీగా రూల్స్ రాశాను, ఒక్కొక్కళ్లతో లాగిన్ అయ్యి చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి, ఇంటికెళ్లి పడుకున్నాను. రాత్రి పదకొండున్నరకి డేటాబేస్‌లు చూసే డీబీఏ తమ్ముడి ఫోన్. "అన్నా, ప్యాచింగ్ మొదలుపెట్టాం, సుడో రావట్లేదు, మేనేజర్ కాల్‌లో ఉన్నాడు."

నేను చేసిన పనులు వరసగా చెప్తాను, నవ్వుకోండి. పాస్‌వర్డ్ రీసెట్ చేశాను. ఎస్‌ఎస్‌ఎస్‌డీ క్యాష్ తుడిచాను. సర్వర్‌ను ఐపీఏ నుంచి విడదీసి మళ్లీ కలిపాను. చివరికి విసుగొచ్చి ఆ అబ్బాయి సుడో రూల్‌లో పాస్‌వర్డ్ అడగొద్దని పెట్టేశాను. అప్పుడూ రాలేదు! పాస్‌వర్డ్ అడగకుండానే కాదంది. అక్కడ బల్బు వెలిగింది. పాస్‌వర్డ్ అడగనప్పుడు కూడా ఆగిపోతోందంటే గొడవ పాస్‌వర్డ్‌ది కాదు. అప్పటికి రెండు గంటలు గడిచాయి. నా కొత్త రూల్స్‌లో సర్వీసు దగ్గర ఎస్‌ఎస్‌హెచ్‌డీ (లాగిన్ సర్వీసు) ఒక్కటే ఇచ్చాను. సుడో అనే సర్వీసు చేర్చలేదు. లాగిన్ టెస్ట్ చేశాను గానీ సుడో టెస్ట్ చేయలేదు. లాగ్‌లో ఆ మాట మొదటి నిమిషం నుంచీ స్పష్టంగా రాసే ఉంది, నేనే తెరవలేదు. మా ఊళ్లో 'సూడో' అంటే 'చూడవయ్యా' అని. కమాండ్ పేరులోనే ఉన్న సలహా నేను వినలేదు.

కాబట్టి ముందు చేయాల్సింది: పాడైన సర్వర్‌లో రూట్‌గా ఒక సెషన్ తెరిచి అలాగే వదిలేయండి, పని పూర్తయ్యేదాకా మూయొద్దు. కన్సోల్ నుంచైనా సరే. ఈ ఫైళ్లు కెలికేటప్పుడు ఉన్న దారి కూడా మూసుకుపోవడం చాలా మామూలు. ఆ సెషన్‌లో వార్ లాగ్ కింద సెక్యూర్ ఫైల్‌ను టెయిల్ (కొత్త లైన్లు వస్తుంటే చూపించే కమాండ్) పెట్టి, ఇంకో విండోలో సుడో కొట్టండి. (ఉబుంటు అయితే ఆథ్ డాట్ లాగ్.) పామ్ ఎస్‌ఎస్‌ఎస్ (ఎస్‌ఎస్‌ఎస్‌డీ తరఫున తనిఖీ చేసే భాగం) అని ఉన్న లైన్‌లో చివర ఒక అంకె ఉంటుంది. అసలు కథంతా ఆ అంకెలోనే ఉంది. 7 గానీ 17 గానీ ఉంటే పాస్‌వర్డ్ కుదరలేదని. 6 ఉంటే 'పర్మిషన్ డినైడ్', పాస్‌వర్డ్ ఓకే, హెచ్‌బ్యాక్ ఆపింది. నా కేసు అదే. 9 ఉంటే కెర్బరోస్ సర్వర్ అందడం లేదు, ఫైర్‌వాల్ గానీ డీఎన్‌ఎస్ గానీ చూసుకోవాలి. 12 అయితే పాస్‌వర్డ్ గడువు అయిపోయింది. 4 అయితే 'సిస్టమ్ ఎర్రర్', ఇది చెత్తబుట్ట లాంటిది, ఏదైనా కావచ్చు. కానీ 4 కనిపిస్తే నేను ముందు గడియారం చూస్తాను. కెర్బరోస్‌లో డీఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే ఓర్పు. స్నాప్‌షాట్ నుంచి లేపిన వీఎంలలో (వర్చువల్ మెషిన్లలో) టైమ్ వెనకబడటం ఎన్నిసార్లు చూశానో. క్రోనీసీ ట్రాకింగ్ కొడితే తెలిసిపోతుంది.

ఒకవేళ అంకె ఉన్న ఆ లైన్ అసలు లేకుండా "సుడోయర్స్ ఫైల్‌లో లేరు" అని వస్తే మొదటి రెండు తనిఖీలూ దాటేశారన్నమాట, ఆగింది మూడో దాని దగ్గర. అప్పుడు పాస్‌వర్డ్ జోలికి అస్సలు పోవద్దు.

టెస్ట్ చేసే ప్రతిసారీ ముందు 'సుడో హైఫన్ కే' కొట్టండి. సుడో ఒకసారి పాస్‌వర్డ్ తీసుకున్నాక కొన్ని నిమిషాలు మళ్లీ అడగదు, మామూలుగా 5, ఉబుంటులో 15. ఆ కాసేపట్లో టెస్ట్ చేసి "సెట్ అయిపోయింది" అని మెయిల్ పెట్టి, తర్వాత తల పట్టుకున్నవాళ్లను చూశాను.

ఇప్పుడు మీ విషయానికి. 13లో 2 మాత్రమే పాడయ్యాయి, అదీ మీ ఒక్క యూజర్‌తో అంటున్నారు. ఆ రెండు సర్వర్లలో ఒకదానిలో 'కీనిట్' మీ యూజర్ పేరుతో కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇది సుడోతో, హెచ్‌బ్యాక్‌తో సంబంధం లేని శుద్ధమైన పాస్‌వర్డ్ పరీక్ష. ఇది పాసై సుడో ఫెయిలైతే రూల్స్ వైపు వెళ్లండి. ఇదే ఫెయిలైతే, అదీ బాగున్న సర్వర్‌లో పాసై ఇక్కడ ఫెయిలైతే, నా అనుమానం రెప్లికా (ఐపీఏ సర్వర్‌కు నకలుగా నడిచే ఇంకో ఐపీఏ సర్వర్) మీదకే పోతుంది.

ఎందుకంటే మీకు ఐపీఏ సర్వర్లు రెండో మూడో ఉండి ఉంటాయి. ఒక్కో క్లయింటు ఒక్కో ఐపీఏ సర్వర్‌తో మాట్లాడుతుంది. 'ఎస్‌ఎస్‌ఎస్‌సీటీఎల్ డొమైన్ స్టేటస్' కొట్టి, ఆ రెండు సర్వర్లు దేనితో మాట్లాడుతున్నాయో, మిగతా 11 దేనితో మాట్లాడుతున్నాయో పోల్చి చూడండి. ఐపీఏ సర్వర్ల మధ్య రెప్లికేషన్ ఆగిపోతే మీరు మార్చిన కొత్త పాస్‌వర్డ్ ఒకదానికి తెలుసు, రెండోదానికి ఇంకా పాతదే తెలుసు. ఒకసారి పాత పాస్‌వర్డ్ కొట్టి చూడండి, ఒప్పుకుందంటే దొంగ దొరికినట్టే. ఐపీఏ సర్వర్ మీద 'ఐపీఏ హెల్త్‌చెక్' నడిపితే రెప్లికేషన్ సంగతి అదే చెప్తుంది.

లాకౌట్‌కీ ఇలాంటి చిక్కే ఉంది, చాలామందికి తెలియదు. ఐపీఏ డీఫాల్ట్ పాలసీలో 6 సార్లు తప్పు కొడితే 600 సెకన్లు అకౌంట్ లాక్ అవుతుంది. కానీ ఎన్నిసార్లు తప్పు కొట్టారన్న లెక్క ఒక ఐపీఏ సర్వర్ నుంచి ఇంకోదానికి వెళ్లదు, ఎవరి లెక్క వాళ్లదే. అందుకే ఒక రెప్లికా దగ్గర లాక్ అయి, ఇంకో రెప్లికా దగ్గర మామూలుగా ఉంటారు. కీనిట్ "క్రెడెన్షియల్స్ రివోక్డ్" అంటే మామూలుగా అర్థం ఇదే. 'ఐపీఏ యూజర్ స్టేటస్' కొడితే ప్రతి సర్వర్ దగ్గర లెక్క ఎంతుందో విడివిడిగా చూపిస్తుంది. 'ఐపీఏ యూజర్ అన్‌లాక్' తో తీసేయొచ్చు. ఎక్కడో ఒక పాత స్క్రిప్టు పాత పాస్‌వర్డ్‌తో క్రాన్‌లో (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పనుల్లో) కొడుతూ ఉంటే మాత్రం మళ్లీ లాక్ అవుతుంది, దాన్ని వెతకాల్సిందే.

ఇక రీసెట్ తొందరపాటు అని ఎందుకన్నానంటే, ఐపీఏలో అడ్మిన్ పెట్టిన పాస్‌వర్డ్ పెట్టిన క్షణానే గడువు తీరిపోయినట్టు లెక్క, యూజర్ తనే మార్చుకోవాలి. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. మీలా కీతో వెళ్లేవాళ్లకు తెలియదు, లాగిన్ హాయిగా అయిపోతుంది, గుట్టు సుడో దగ్గర బయటపడుతుంది. ఆరు నెలలుగా పాస్‌వర్డ్ గడువు తీరిపోయి ఉన్నా కీ వల్ల తెలియకుండా నడిచిపోయినవాళ్లు మా టీమ్‌లోనే ముగ్గురు. ముందున్న సమస్య ఒకటైతే రీసెట్ దాని మీద ఇంకోటి పేర్చి ఉండొచ్చు. కీనిట్ కొట్టినప్పుడు మార్చుకోమని అడిగితే అక్కడే మార్చేయండి.

అంకె 6 వచ్చిందా, ఐపీఏ సర్వర్‌లో 'హెచ్‌బ్యాక్ టెస్ట్' కమాండ్‌కు మీ యూజర్, ఆ హోస్ట్, సర్వీసు సుడో అని ఇచ్చి చూడండి. ఏ రూల్ కలిసిందో, ఏది కలవలేదో చెప్తుంది. 'సుడో ఐ' వాడే అలవాటుంటే అది వేరే సర్వీసు, దాన్నీ విడిగా చేర్చాలి. ఆ రెండు సర్వర్లను రూల్‌లో ఉన్న హోస్ట్ గ్రూపులో (సర్వర్ల గుంపులో) చేర్చడం మర్చిపోయారేమో ముందు చూడండి, కొత్తగా కట్టిన సర్వర్లకు ఇది సహజం.

"సుడోయర్స్‌లో లేరు" అంటే: మొదట 'ఐడీ' కొట్టండి. ఐపీఏ యూజర్ల నంబర్లు మామూలుగా లక్షల్లో, కోట్లలో ఉంటాయి. 1001 లాంటి చిన్న నంబర్ వస్తే, ఐపీఏకి కలపకముందు ఎవరో అదే పేరుతో లోకల్ యూజర్‌ను చేసి వదిలేశారు. సర్వర్ వాడినే మీరనుకుంటోంది. తర్వాత హోస్ట్‌నేమ్ పూర్తి పేరుతో వస్తోందా చూడండి. రూల్‌లో పూర్తి పేరుండి, సర్వర్ తన పేరు పొట్టిగా చెప్పుకుంటే కలవకపోవచ్చు. హోస్ట్ గ్రూపు ద్వారా రూల్ ఇచ్చి ఉంటే 'ఎన్‌ఐఎస్ డొమైన్‌నేమ్' ఖాళీగా లేదని చూసుకోండి, ఈ రోజుల్లో ఎన్‌ఐఎస్ అనే పాత పద్ధతి ఎవరు వాడతారని నేనూ అనుకున్నాను, సుడో ఇంకా ఆ పాత దారిలోనే గ్రూపును వెతుకుతుంది. ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్‌లో (ఏ సమాచారం ఎక్కడ వెతకాలో చెప్పేది) సుడోయర్స్ లైన్‌లో ఎస్‌ఎస్‌ఎస్ లేకపోతే చేత్తో రాయకండి. రాకీ 8 నుంచి ఆ ఫైల్ ఆథ్‌సెలెక్ట్ చేతిలో ఉంటుంది, మీరు రాసింది అది తుడిచేస్తుంది. 'ఆథ్‌సెలెక్ట్ ఎనేబుల్ ఫీచర్ విత్ సుడో' అని ఇవ్వండి.

రూల్ ఇప్పుడే మార్చి ఇప్పుడే కనిపించలేదని కంగారు కూడా వద్దు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ కొత్త రూల్స్ కోసం 15 నిమిషాలకోసారి, మొత్తం మళ్లీ తెచ్చుకోవడానికి 6 గంటలకోసారి వెళ్తుంది. తీసేసిన రూల్ కాసేపు బతికి ఉండటానికీ కారణం ఇదే. క్యాష్ డైరెక్టరీ మొత్తం డిలీట్ చేయమని ఎక్కడ చూసినా సలహా ఇస్తారు. ఐపీఏ అందుబాటులో లేనప్పుడు ఆ మెషిన్‌లోకి వెళ్లడానికి పనికొచ్చే దాచిన పాస్‌వర్డ్‌లు కూడా దాంతోపాటే పోతాయి. నెట్‌వర్క్ బాగుందని తేలాకే ఆ పని చేయండి.

ఆ రెండు సర్వర్ల సెక్యూర్ లాగ్‌లో పామ్ ఎస్‌ఎస్‌ఎస్ లైన్, కీనిట్ ఇచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి, యూజర్ పేరు, హోస్ట్ పేరు చెరిపేసి. సాయంత్రం చూసి చెప్తాను.