ఉక్రెయిన్‌లో స్వీడన్ వాళ్ల ఊరు

ప్రశ్న: మా అబ్బాయి స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకి గోట్లాండ్ దీవికి వెళ్తే అక్కడొక పెద్దావిడ "మా తాతలది ఉక్రెయిన్‌లో ఉన్న స్వీడిష్ ఊరు" అందట. అక్కడ స్వీడన్ వాళ్ల ఊరేమిటండీ? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆవిడ చెప్పింది నిజమేనండీ. ఊరి పేరు గమ్మల్‌స్వెన్స్‌క్‌బీ, అంటే 'పాత స్వీడిష్ ఊరు'. ఖెర్సన్ ప్రాంతంలో ద్నీప్రో నది ఒడ్డున ఉంది. కానీ వీళ్లు నేరుగా స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు కాదు. ఇప్పుడు ఎస్టోనియాలో ఉన్న డాగో దీవిలో తరాలుగా సేద్యం చేసుకుంటున్న స్వీడిష్ రైతులు. ఆ దీవి రష్యా చేతికి పోయాక జమీందారుతో హక్కుల తగాదా మొదలైంది, అదే సమయంలో రష్యాని ఏలుతున్న కేథరిన్ మహారాణికి తురుష్కుల నుంచి గెలుచుకున్న మైదానాల్లో మనుషులు కావాలి, ఇళ్లూ భూములూ ఇస్తామన్నారు. 1781లో సుమారు వెయ్యి మంది బయలుదేరారు. నెలల తరబడి ప్రయాణం, మధ్యలో చలికాలం. దారిలోనే చాలామంది పోయారు. 1782లో చేరేసరికి ఇస్తామన్న ఇళ్లు లేవు! జబ్బులు కూడా తోడై, 1783 నాటికి మిగిలింది 135 మంది.

ఆ కొద్దిమందే చర్చినీ, బైబిల్‌నీ, తమ యాసనీ పట్టుకుని నిలబడ్డారు. తర్వాత పక్కన జర్మన్ల ఊళ్లు వెలిశాయి.

అసలు విచిత్రం 1929లో. సోవియట్ ప్రభుత్వం అనుమతిస్తే దాదాపు 900 మంది, అంటే ఇంచుమించు ఊరంతా, స్వీడన్ వెళ్లిపోయింది. ఘనంగా స్వాగతం పలికారు గానీ అందరికీ ఒకేచోట భూములు దొరకలేదు, ఎక్కడెక్కడికో సర్దారు. గోట్లాండ్‌లో చాలామంది స్థిరపడ్డారు, మీ అబ్బాయికి కనిపించిన ఆవిడ ఆ కుటుంబాల మనిషే అయ్యుంటుంది. కొందరు కెనడా వెళ్లారు. రెండు వందలకు పైగా మాత్రం వెనక్కి వచ్చేశారు! పిచ్చా అనిపిస్తుంది గానీ, ఒక్క ఊరిగా బతికినవాళ్లని తలో చోటా పెడితే ఊపిరాడదు కదా, పైగా స్వీడన్ కమ్యూనిస్టులు కూడా వెళ్లమని ప్రోత్సహించారు. వచ్చాక ఉమ్మడి వ్యవసాయం, 1932–33 కరువు, అరెస్టులు. 1943లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ వీళ్లని తనతో తీసుకెళ్లింది. యుద్ధం అయ్యాక కొందరు స్వీడన్ చేరారు, సోవియట్లకి చిక్కినవాళ్లని రష్యా ఉత్తరాన ఉన్న కోమి ప్రాంతంలోని వెట్టిచాకిరీ శిబిరాలకి పంపారు, వాళ్లు అక్కడి నుంచి మళ్లీ తమ ఊరికి వచ్చారు.

2008లో స్వీడన్ రాజదంపతులు ఈ ఊరు చూడటానికి వెళ్లారు. అప్పటికే ఆ పాత యాస మాట్లాడేది కొద్దిమంది ముసలమ్మలే. 2022లో రష్యా సైన్యం ఆక్రమించింది, నవంబరులో ఉక్రెయిన్ చేతికి తిరిగి వచ్చింది. 2023 జూన్‌లో దిగువన కఖోవ్కా డ్యామ్ తెగిపోయి, ఊరి ముందున్న రిజర్వాయరు ఖాళీ అయింది.

మీ అబ్బాయి మ్యాప్‌లో వెతకాలంటే 'జ్మియివ్కా' అని చూడమనండి, ఇప్పుడు ఊరు అందులో కలిసిపోయింది. ఆ పేరుకీ స్వీడన్‌కీ సంబంధం లేదు. పక్కనున్న జర్మన్ల ఊరి పేరుకి అనువాదం, పాములపల్లె అని అర్థం.