అత్తగారి సందేహం, అమ్మాయి బయోటెక్నాలజీ

ప్రశ్న: మాది పెందుర్తి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. బయోటెక్నాలజీ చదువుతానంది. మా అత్తగారేమో ‘దేవుడిచ్చిన ప్రాణుల్ని మార్చడం పాపం’ అన్నారు. అప్పటి నుంచి పిల్ల కూడా వెనకాడుతోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ అత్తగారికి షుగర్ ఉందా? ఇన్సులిన్ వాడుతుంటే, ఫ్రిజ్ తలుపులో కరివేపాకు పక్కనున్న సీసా తీసి లేబుల్ చదవండి. చాలా సీసాల మీద ‘ఆర్‌డీఎన్‌ఏ ఆరిజిన్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనిషి జన్యువును బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెట్టి తయారు చేయించిన మందు అది. అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. అంతకుముందు పందుల, ఆవుల క్లోమం నుంచి తీసేవారు.

అలాగని ఆ సీసా చూపించి పెద్దావిడ నోరు మూయించకండి. మూత బిగించిన ట్యాంకులో సూక్ష్మజీవి వేరు, పొలంలో మొక్క వేరు. పుప్పొడి గట్టు దాటి పక్క చేలోకి పోతుంది. ఆ రైతును ఎవరడిగారు? 2002లో పురుగును తట్టుకునేలా బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ పత్తిని ఒప్పుకున్న మన దేశమే 2010లో బీటీ వంకాయను ఆపింది. జంతువు సంగతి ఇంకా వేరు, దానికి నొప్పి తెలుస్తుంది. ఈ మూడింటిలో దేనికి మనసొప్పడం లేదో మీ అమ్మాయినే అడగండి.

జంతువులైతే, చేరే ముందే ఆ విభాగంలో ప్రాజెక్టులు వేటి మీదో కనుక్కోవాలి. నా దగ్గరికొచ్చిన ఓ కుర్రాడు ఎమ్మెస్సీలో ఎలుకను తోక పట్టి ఎత్తగానే వణికిపోయి, వారంలో చదువే మానేశాడు. ముందే అడిగుంటే మొక్కల ల్యాబ్ చూసుకునేవాడు.

మొక్కల మీద ఇష్టముంటే, ఈఏపీసెట్ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్ కూడా ఆప్షన్లలో పెట్టండి. మన సాంబ మసూరినే హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ జన్యు సవరణ చేసి, 2025లో ‘కమల’ రకంగా ప్రకటించింది. బయటి జన్యువు చేర్చలేదు కాబట్టి ఫరవాలేదంటారు కొందరు, కాదంటారు ఇంకొందరు. మీ అత్తగారు కూర్చోదగ్గ పంచాయితీయే!

బయోటెక్‌కే వెళ్తే, బీఎస్సీతో ఆగితే కష్టం. ఎమ్మెస్సీ తప్పదు: ఆంధ్రా యూనివర్సిటీకి పీజీసెట్, బయటి సంస్థలకు గాట్‌–బి అనే బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్ష. జన్యువులను మార్చే పని చేసే ప్రతి సంస్థలో 1989 నిబంధనల ప్రకారం, ఆ పని సురక్షితమా కాదా అని చూసే బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. ‘ఇది చెయ్యొచ్చా’ అని అడిగే పిల్లలు అలాంటి ఫైళ్ల పనిలో, రెగ్యులేటరీ ఉద్యోగాల్లో రాణిస్తారు. కానీ ముందు కొన్నేళ్లు ల్యాబ్‌లో పిపెట్ (ద్రవాలు కొలిచి తీసే గొట్టం) పట్టాలి. నేరుగా ఎథిక్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటే మాత్రం ఇప్పుడే వద్దు.