జట్టూ బడ్జెట్టూ లేని యూఎక్స్ డిజైనర్ దేనితో మొదలుపెట్టాలి?

ఒడిశాలోని బరంపురంలో ఇంటి నుంచే ఒంటరిగా యూఎక్స్ పని, అంటే యాప్‌లు వాడేవారికి సులువుగా ఉండేలా తీర్చిదిద్దే పని, చేస్తున్నానని, పరిశోధనకు డబ్బు లేదని, నిజంగా పనికొచ్చే పద్ధతులు, వనరులు చెప్పమని అడిగారు. పర్లాకిమిడిలో ఉంటూ కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిగా నా అనుభవం రాస్తున్నాను.

కోర్సులు కొనడానికి ముందు, మీ యాప్ వాడేవారి దగ్గరకే వెళ్లి, వారి ఫోన్‌లోనే పని చేయించి చూడండి. మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమని అడిగి, వారు తడబడినా సాయం చేయకుండా, అన్న మాటలను అన్నట్టే రాసుకోండి. బిల్లులు కట్టే యాప్ ఒకటి గీసినప్పుడు, గాజుల కొట్టు నడిపే ఒక పెద్దావిడకు ఇచ్చి చూశాను. అంకెలన్నీ కాగితం బిల్లుతో ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వేసిన ఆవిడ బొటనవేలు ‘సమర్పించండి’ అన్న బటన్ మీదకు వచ్చి ఆగిపోయింది. “సమర్పించడం దేవుడికి కదా బాబూ, ఇక్కడ ఏం చెయ్యాలి?” అని అడిగారు. దాన్ని ‘డబ్బు కట్టండి’ అని మార్చాక ఆ తరువాత చూసినవారిలో ఎవరూ అక్కడ ఆగలేదు.

ఆవిడ కొడుకు మాత్రం నాతో తెలుగులోనే మాట్లాడుతూ యాప్‌ను ఒడియాకు మార్చుకున్నాడు, ఎందుకంటే అతను చదివింది ఒడియా బడిలో. మన జిల్లాల్లో ఇది చాలా ముఖ్యం. ఇంట్లో ఏం మాట్లాడతారు, ఏ లిపి చదువుతారు అన్నవి రెండు వేరు ప్రశ్నలుగా అడగండి. ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం లోపాలు దొరుకుతాయని ఇలాంటి పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట అందరూ చెబుతారు గానీ, ఒక్కొక్కరి వల్ల సగటున 31 శాతం బయటపడతాయన్న లెక్క మీద అది ఆధారపడిందని, వాడేవారిలో రెండు వేర్వేరు వర్గాలుంటే ఒక్కో వర్గం నుంచి ముగ్గురు నలుగురిని తీసుకోమని ఆయనే చెప్పారని మరిచిపోతారు. నా లెక్కలో తెలుగు చదివేవారు, ఒడియా చదివేవారు రెండు వర్గాలు.

జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన, వాడటం ఎంత సులువో కొలిచే పది వాక్యాల ఎస్‌యూఎస్ ప్రశ్నావళి కూడా వాడతాను. వందకు లెక్కగట్టినా వచ్చే మార్కు శాతం కాదు, 68ని సగటుగా చూస్తారు. అందులో మెచ్చుకోలు, ఫిర్యాదు వాక్యాలు ఒకటి విడిచి ఒకటి వస్తాయి కనుక, మన దగ్గర ఒక్కొక్కటీ నెమ్మదిగా చదివి వినిపించడం మంచిది. అయితే ఎక్కడ ఇబ్బంది ఉందో ఆ ప్రశ్నావళి చెప్పదు.

తెరలు గీయడానికి ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో ఉచిత ఖాతా, అక్షరాలకు రెండు లిపుల్లోనూ ఉచితంగా దొరికే నోటో ఫాంట్లు చాలు. ఇంగ్లిషుకు సరిపెట్టిన వరుసల ఎడంలో మన వత్తులు తెగిపోతాయి కనుక ఆ ఎడం పెంచండి. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం ఉండాలి. తెరను ఎండలో పట్టుకుని కూడా చూడండి. పరీక్షకు కూర్చున్నవారు బేరం వదులుకుని వస్తారు కనుక, వారి సమయానికి డబ్బు ముందే చేతిలో పెట్టండి.